బడి వెనక పద్దెనిమిది గుంటలు

నల్లగొండ జిల్లా మిర్యాలగూడ కాపురస్తుడు, కీర్తిశేషులు మాశెట్టి వెంకయ్య గారి కుమారుడు, బియ్యపు మిల్లు యజమాని మాశెట్టి సీతారామయ్య, వయస్సు అరవై ఏడు, తన వారసులకూ ఈ పత్రాన్ని అమలు చేసేవారికీ రాసి ఉంచిన వీలునామా.

నా బుద్ధి నా దగ్గరే ఉంది. గుండె సంగతి కంపౌండరు తులసీరాంను అడగండి, ఆయన పెదవి విరుస్తాడు. ఎవరి ప్రోద్బలం మీదా రాయడం లేదు. ప్రోద్బలం చేసేవాళ్లు ఇంట్లో ఉన్నారు గానీ నేను వినలేదు. ఇంతకు ముందు రాసిన వీలునామా ఏదైనా బయటపడితే అది చెల్లదు. కింద చెప్పిన ఆస్తి అంతా నా స్వార్జితం. మా నాయన నుంచి నాకు వచ్చింది ముక్కోపం ఒక్కటే. దాన్ని ప్రత్యేకంగా ఎవరికీ రాయనక్కరలేదు, అడగకుండానే నా కొడుకు ఓంప్రకాష్‌కు చేరింది.

1. నేను కాపురమున్న ఇల్లు, అందులోని సామాను, బంగారం నా భార్య భాగ్యవతికి సర్వహక్కులతో చెందాలి. ఆమెను అడిగి చేసిన పనులు అన్నీ బాగుపడ్డాయి, అడగకుండా చేసినవే తలనొప్పులయ్యాయి. ఈ మాట ఎదురుగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

2. మిల్లు, యంత్రాలు, గోదాములు ఓంప్రకాష్‌కు. నాకన్నా బాగా నడుపుతున్నాడు.

3. కోదాడలో ఉన్న కూతురు అరుణకుమారికి పెన్‌పహాడ్ రోడ్డు మీద ఉన్న మూడెకరాల చెలక. పెళ్లయి కోదాడ పోయిన దగ్గర్నుంచి అమ్మాయి నన్ను ‘నాన్నగారూ’ అంటున్నది. మర్యాదే గానీ, పాతరోజుల్లోలా ‘నాయినా’ అని పిలిస్తే బాగుండునని పదేళ్లుగా అనుకుంటున్నాను.

4. సూర్యాపేటలో ఉన్న నా బావమరిది ఉప్పలయ్యకు నా చేతికర్ర. నలుగురిలో నన్ను పట్టుకుని, “పోరగాండ్ల తోటకిచ్చిన భూమి మేకలకిచ్చినట్టే బావా, ఖతం” అన్నాడు. అయిదేళ్లయింది, మర్చిపోలేదు. అయినా ఆయన మోకాళ్లు నావాటికన్నా అన్యాయంగా ఉన్నాయి, కర్ర అవసరం.

5. ఇక అసలు సంగతి. సర్వే నంబరు 214లో పద్దెనిమిది గుంటల నేల. హద్దులు: తూర్పు బడి గోడ, పడమర మా మిల్లు, ఉత్తరం పిల్లకాలువ, దక్షిణం ఓంప్రకాష్ హుజూర్‌నగర్ నుంచి లారీల్లో తెప్పించి పేర్పించిన బండలు. ఆ బండలు ఈ నేలలో పరిచి, ఉడికించిన వడ్లు ఆరబోసే కల్లం చేయాలని వాడి కోరిక. మిల్లుకు కల్లం అవసరమే, కాదనను. అయితే ఈ నేలలో ఇప్పుడు బడిపిల్లల కూరగాయల తోట ఉంది. అది ఎందుకు ఉండాలో రాయకపోతే రేపు ముసలివాడికి మతి పోయిందంటారు.

సాగరు నీళ్లు వచ్చాక మా చుట్టుపక్కల ఊళ్లన్నీ వరి పట్టాయి. జొన్నచేలల్లో దొరికే కూరా నారా పోయింది. పిల్లల కంచాల్లో తెల్లటి అన్నం, చారు నీళ్లు మిగిలాయి. ఆ అన్నం తెల్లబెట్టింది నా మిల్లే.

1968లో పంచాయతీ సమితి వాళ్లు బళ్లలో తోటలు వేయమని విత్తనాలు పంచారు. బడి కమిటీకి అధ్యక్షుణ్ని గనుక ఈ నేల వాడుకోమన్నాను. పిల్లలు నీళ్లు మోశారు. వంకాయ, బెండ విరగకాశాయి. తొలికాపు పెద్దలకు పంపడం మా దగ్గర మర్యాద, అప్పటి పెద్దసారు మొదటి గంప నాకు పంపాడు. ఆ తర్వాత ప్రతి గురువారం ఒక గంప నాకు, ఒకటి తన ఇంటికి, ఒకటి తనిఖీకి వచ్చినవాళ్లకు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నడిచింది. మధ్యాహ్నం బడిలో పెట్టే మొక్కజొన్న ఉప్మాలో ఒక్క ముక్క పడలేదు. నేను అడగలేదు. బడి వంకాయ రుచే వేరని మారు వడ్డించుకుని మరీ తిన్నాను. సిగ్గుతో రాస్తున్నాను.

ఒక సాయంత్రం మా మిల్లులో బియ్యం చెరిగే తండా మనిషి భూలి, కూతురు గౌరీబాయిని చెయ్యి పట్టుకుని మా వాకిట్లోకి తెచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల, నుదురు చిట్లి ఉంది. పొద్దుగూకితే ఆ పిల్లకు చూపు ఆనదు, గోడ తడుముకుంటూ నడుస్తుంది. ఆ రోజు మిల్లు మెట్టు తన్నుకుని పడింది. నేను వసారాలో అప్పుడే ముద్ద కలిపాను. భూలి నా ఇస్తరాకు వంక చూసి, గొంతు పెంచకుండానే, “సావుకారీ, గీ వంకాయలకు నా బిడ్డ గూడ నీళ్లు వోసింది. దానికొక్కటి పెడితే నీకు తక్కువైతదా?” అన్నది. ఇస్తరాకు పక్కకు నెట్టి తులసీరాంకు కబురు పెట్టాను.

తులసీరాం పిల్ల కళ్లు చూసి, ఇది రేచీకటి, ఆకుకూర లేక వచ్చింది, వంకాయతో పోయేది కాదన్నాడు. బడిలో వాకబు చేస్తే గోడ తడిమే పిల్లలు ఇంకా తొమ్మిది మంది తేలారు. ఇరవై ఏళ్లుగా ఆ గోడ పక్కనే మిల్లు నడుపుతున్నాను, ఒక్కరినీ చూడలేదు.

గంపలు బందు పెట్టించాను. వంగమళ్లు సగం తీయించి తోటకూర, బచ్చలి, అవిశ వేయించాను. మునగ కొమ్మలు అరుణకుమారి కోదాడ నుంచి బస్సు మీద పంపింది. ఆకులూ అలములూ తినడానికా బడికి పంపేదని తల్లులు గొడవపడ్డారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. చిన్నపంతులు రాధాకృష్ణ రోజూ పిల్లల మధ్య కూర్చుని అదే కూర ముందు తాను తినేవాడు. నెల తిరిగేసరికి తల్లులే వచ్చి విత్తనాలు అడిగారు. కొన్ని నెలలకు ఒకనాడు మసకచీకట్లో గౌరీబాయి తోడు లేకుండా మా వాకిలి దాటి పోయింది. మిల్లు తెరిచిన రోజు కూడా నాకు అంత సంతోషం లేదు.

ఈ నేల బడికి రాస్తే రేపటి పెద్దసారు మళ్లీ గంపలు కట్టిస్తాడు. సమితికి రాస్తే ఆఫీసు కడతారు. భూలికి రాస్తానన్నాను. “నాకొద్దు సావుకారీ. నా పేరు మీద ఉంటే రేపు నా కొడుకు గూడ గాడ కల్లమే పోస్తడు. పోరగాండ్ల పేరు మీద రాయి,” అన్నది. వకీలుకు తట్టని మాట.

కాబట్టి ఈ నేలా, మిల్లు బావిలో తోటకు సరిపడా నీటి హక్కూ, ఏ ఏడు ఆ బడి హాజరుపట్టీలో ఎవరి పేర్లుంటే ఆ పిల్లల కోసం ట్రస్టుగా పెడుతున్నాను. చూసుకునేవాళ్లు భాగ్యవతి, రాధాకృష్ణ, భూలి. అమ్మకూడదు, కుదువ పెట్టకూడదు, కౌలుకివ్వకూడదు. పండినది పిల్లల కడుపులో తప్ప మరో దారిన గేటు దాటకూడదు. గేటు తాళంచెవి భూలి దగ్గర ఉండాలి. ఆమె ఎవరి మొహమాటానికీ లొంగదు.

6. రాధాకృష్ణ పంతులుకు నా చేతి గడియారం. నిరుడు పెన్‌పహాడ్ బడిలో తోట వేయించాడు, ఇప్పుడు మోతె బడివాళ్లు పిలుస్తున్నారు. గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది, ఎప్పుడూ బస్సు అందుకోలేని మనిషికి అదే మంచిది. బాగుచేయించవద్దు.

7. ఓంప్రకాష్ అయిదో అంశం మీద కోర్టుకు పోదలిస్తే దానికి ముందు ఒక పని చేయాలి. పొద్దుగూకే వేళ బడి ముందు నిలబడి, ఆటలు ముగించి పిల్లలు ఇళ్లకు పోవడం చూడాలి. గోడ పట్టుకుని నడిచే పిల్లలు ఒక్కరు కనబడినా ఈ నేల వాడిదే, కల్లం పోసుకోవచ్చు.

నాలుగు రోజుల కింద ఈ షరతు చదివి వినిపిస్తే ఓంప్రకాష్ విసురుగా లేచి మిల్లుకు పోయాడు. నిన్న సాయంత్రం తానే పోయాడు. దీపాలు పెట్టాక వచ్చి చాలాసేపు కాళ్లూ మొహమూ కడుక్కున్నాడు. తర్వాత నా పక్కన కూర్చుని, “ఆఖరు పిల్ల ఉరుక్కుంట పోయింది నాయినా. నాకే దారి సరిగ కనవడలే,” అన్నాడు. ఈ ఉదయం బండలు మిల్లు అవతలికి మోయిస్తున్నాడు. షరతుతో ఇక పని లేదు గానీ కొట్టివేయడం లేదు. వాడి కొడుకులు కూడా ఒకసారి పోయి నిలబడాలి.

మిర్యాలగూడ, 12 నవంబరు 1973, సోమవారం. స్వదస్తూరి.

(సంతకం) మాశెట్టి సీతారామయ్య

సాక్షులు, మా ఎదుటనే సంతకం చేశారు:
1. తులసీరాం, కంపౌండరు
2. కిష్ట్యా, తండా పెద్ద