ఐర్లండ్‌లో ఇద్దరు కాల్వర్‌హోఫ్‌లు

కాజిల్‌బార్,
మార్చి 3.

చిరంజీవి సుధేష్ణకి,

ప్రభువు పేరట వందనాలు. నేనెవరో నీకు తెలియదు. నీకు రావలసిన ఉత్తరం ఒకటి మా ఇంటికి వస్తే విప్పి చదివేశాను, ముందు అందుకు క్షమించు. కవరు మీద కాల్వర్‌హోఫ్ అని ఉంటే అది నాదేననుకోవడం అలవాటైపోయింది. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఆ పేరున వచ్చిన ప్రతి కాగితమూ మా గుమ్మంలోనే పడింది మరి. లోపల చూస్తే నీ కళ్ళద్దాలు తయారయ్యాయి, వచ్చి తీసుకెళ్ళమని ఉంది. నేను వెళ్ళే దుకాణానికి డబ్లిన్‌లో కూడా కొట్టు ఉంది. కంప్యూటర్లో ఇంటిపేరు కొట్టగానే మొదట కనపడ్డ చిరునామా కవరు మీద వేసినట్టున్నారు. లోపలి కాగితం మీద నీ చిరునామా ఉంది కాబట్టి అది దీంతోపాటు పంపుతున్నాను.

అసలు సంగతి వేరే. సుధేష్ణ కాల్వర్‌హోఫ్ అని చదివి, నా అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఈ ఇంటిపేరు గలవాళ్ళు మాకు తెలిసి నలభై ఒక్కమందే. అందరూ గూడూరు దగ్గర పెదతోపు వాళ్ళు, మా మోజెస్ తాత సంతతి. తాత తమ్ముడు తోమా మాత్రం ఎప్పుడో పోట్లాడి కోలారు బంగారు గనులకి వెళ్ళిపోయాడు, మళ్ళీ జాడ లేదు. నువ్వు ఆ తోమా చిన్నతాత మునిమనవరాలివని నాకు అనుమానం లేదు. మీ నాన్నగారి పేరు రాయి.

నేను ఇక్కడ సిరంజీలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుని. నాకు నిఖిల అని ఒక్కతే కూతురు. తనకి అక్క దొరికిందని చెప్పాను.

ఇట్లు నీకు పెదనాన్న వరస,
ఏసుదాసు.

తా.క.: నీ అద్దాల నంబరు చూశాను. మన వంశంలో అందరి చూపూ ఇంతే, బాధపడకు.

సిటీవెస్ట్,
డబ్లిన్,
మార్చి 10.

ఏసుదాసు గారికి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తెలుగులో చేతిరాత చూసి ఎన్నాళ్ళయిందో. ఫోన్ చేద్దామనుకుని మానేసి, కాగితాలు కొనుక్కొచ్చాను.

మిమ్మల్ని నిరాశపరుస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది ఖమ్మం. పుట్టింటి పేరు ఓరుగంటి. కాల్వర్‌హోఫ్ మా ఆయన ఇంటిపేరు. ఆయన పేరు మథియాస్, జర్మన్. ఇద్దరం ఒకే ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాం.

మా మామగారు హెర్మన్ రిటైరైన బడిపంతులు. ఉత్తర జర్మనీలో చిన్న ఊళ్ళో ఉంటారు. ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడికి పాకింది అన్నదే ఆయన లోకం. భోజనాల గదిలో గోడంత పటం పెట్టి, ఆ పేరుగల మనిషి ఉన్న ప్రతిచోటా ఒక గుండుసూది గుచ్చారు. పేరు పుట్టింది ఒక్క ఊళ్ళో, ఒక్క దొడ్డి నుంచి. మాటకి అర్థం దూడల దొడ్డి. ఇప్పుడు బతికున్నది పందొమ్మిది మంది, అందులో పదకొండు మంది డెబ్భై దాటినవాళ్ళు. మాకు ఇంకా పిల్లలు లేరు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తరు, పటం వైపు చూస్తారు, అంతే.

మీ సంగతి చెబితే ఫోన్‌లోనే పటం దగ్గరికి నడిచారు. ఆ పేరు మీకెలా వచ్చింది, ఏ సంవత్సరంలో అని అడగమన్నారు.

నమస్కారాలతో,
సుధేష్ణ.

తా.క.: నా చూపు ఓరుగంటి వారిది. నలభై ఒకటి అంటే మామగారు పద్నాలుగా అని మూడుసార్లు అడిగారు. జర్మన్‌లో ఒకట్లు ముందు, పదులు తర్వాత చెబుతారు, నేను తిరగేశాననుకున్నారు. నా జర్మన్ అలాంటిదని ఆయన నమ్మకం.

కాజిల్‌బార్,
మార్చి 19.

అమ్మా సుధేష్ణా,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ తెలిసి చెప్పకపోతే తప్పు.

మీ ఆయన జర్మన్ అంటున్నావు. మా పెదతోపులో ఎలీషా అనే కుర్రాడు ఈ ఇంటిపేరు పెట్టుకుని, నేను సగం జర్మన్‌ని అని చెప్పి హైదరాబాదులో హోటల్ మేనేజరయ్యాడు. వాడు ఎండకి కందడం కూడా నేర్చుకున్నాడంటారు. తర్వాత ఏ దేశం పోయాడో తెలియదు. మీ ఆయన ఫోటో ఒకటి పంపు. ఉప్పుచేప తింటాడా, పులుసన్నం పిసుక్కునేటప్పుడు ఎన్ని వేళ్ళు వాడతాడు, గమనించి రాయి. ఆ మామగారిని నువ్వు కళ్ళారా చూశావా, ఫోన్‌లోనేనా?

ఆయన అడిగిన దానికి జవాబు. మా తాత మోజెస్ జర్మన్ మిషను దొర దగ్గర వంటవాడట. దొర దేశం వెళ్ళిపోతూ తన పేరు తాతకి ఇచ్చిపోయాడట. బాప్తిస్మం 1908లో. మా నాన్న ఇలాగే చెప్పాడు, నేను నిఖిలకి ఇలాగే చెప్పాను.

నీ మేలు కోరే,
ఏసుదాసు.

తా.క.: మీ ఆయన పరధ్యానంలో ఉన్నప్పుడు వెనక నుంచి ‘ఒరే’ అని పిలిచి చూడు. తిరిగి చూస్తే మావాడే.

సిటీవెస్ట్,
మార్చి 28.

ఏసుదాసు అంకుల్‌కి,

ఫోటో పంపుతున్నాను. ఎండ లేని రోజున తీసిందే. కందిపోయినట్టు ఉన్నది ఆయన మామూలు రంగు. మీ ఉత్తరం చదివి వినిపిస్తే నవ్వాడు గానీ, తర్వాత అద్దంలో ఒకసారి చూసుకున్నాడు. మామగారింట్లో రెండు క్రిస్మస్‌లు గడిపాను, ఆయన నిజంగానే ఉన్నారు.

ఇప్పుడు కాస్త చిక్కు. మీ దగ్గరి జర్మన్ మిషనుకి వెళ్ళినవాళ్ళ జాబితా అంతా మామగారు వెతికారు. అందులో కాల్వర్‌హోఫ్ అనే దొర ఎవరూ లేరు. అయితే ఆయన ముత్తాత తమ్ముడొకడు ఓడల్లో పనిచేస్తూ మద్రాసు వైపు వెళ్ళి తిరిగి రాలేదట. తారీకులు సరిపోతున్నాయి, అతను అక్కడ ఎవరినో కలిసి ఉంటాడు అంటున్నారు. పేరే కాదు, రక్తం కూడా నలభై ఒక్కమందిలో నడుస్తోందని ఆయన సంతోషం. డెబ్భై ఆరేళ్ళ మనిషి ఫోన్‌లో పాట పాడారు. పెదతోపు ఎక్కడో వెతికి పట్టుకుని, నలభై ఒక్క సూదులూ గుచ్చేశారు. రక్తసంబంధం తేల్చే ఉమ్మి పరీక్ష గొట్టం ఒకటి మీకు పంపమంటే దీంతో పెట్టాను.

సుధేష్ణ.

తా.క.: ‘ఒరే’ అని పిలిచాను. తిరిగి చూశాడు. నేను రోజూ అలాగే పిలుస్తాను, కంగారుపడకండి.

కాజిల్‌బార్,
ఏప్రిల్ 6.

సుధేష్ణ గారికి,

గొట్టం వెనక్కి పంపుతున్నాను.

మోజెస్ తాత తల్లి పేరు రాహేలు. భర్త పోయాక ఉప్పు బస్తాలు మోసి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. పెదతోపు చర్చి మెట్లలో ఒక రాయి ఆవిడ నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఆవిడ ఒక ఓడవాడిని ‘కలిసి ఉంటుంది’ అని మీ మామగారు భోజనాల గదిలో కూర్చుని తేల్చారు. ఆయన సంతోషం నాకు అర్థమైంది. దానికి మా ఇంటి ఆడమనిషిని వాడుకోవడం అర్థం కాలేదు.

మీ ఉత్తరం బల్ల మీద ఉంటే నిఖిల చదివింది. తనకి పద్దెనిమిది నిండాయి. పేరు మార్చుకునే ఫారం జనవరిలోనే తెచ్చుకుంది, నిఖిల మోజెస్ అవుతుందట. మేం దాని మీద మూడు నెలలుగా పోట్లాడుకుంటున్నాం. మీ కళ్ళద్దాల కాగితం మీద ఆ పేరు చూసి నేను ఎగిరి గంతేసింది అందుకే. ఈ పేరుకి ఒక గౌరవం ఉందని ఎవరి నోటనైనా తనకి చెప్పించాలనుకున్నాను.

“చూశావా డాడ్,” అంది. “ఇన్నాళ్ళూ వంటవాడి పేరు అనుకున్నాను. ఇప్పుడు అంతకంటే దరిద్రం. స్కూల్లో కొత్త టీచర్ వచ్చిన ప్రతిసారీ నన్ను చూసి, లిస్టు చూసి, ఆర్ యూ అడాప్టెడ్, లవ్? అని అడుగుతారు. ఐ సే నో, ఇట్స్ గ్రాండ్, ఫర్వాలేదు అని. ఇట్స్ నాట్ గ్రాండ్, డాడ్. మనల్ని ఎవరో కొనుక్కున్నట్టుంది.”

తాత ఆ పేరు గర్వంగా పెట్టుకున్నాడమ్మా అన్నాను.

“ఆయన్ని ఎవరైనా అడిగారా?” అంది.

నేను లేచి గొట్టం కవరులో పెట్టాను. మనం ఇక రాసుకోవడానికి ఏమీ లేదనుకుంటాను.

ఏసుదాసు.

తా.క.: గొట్టం వాడలేదు. మీ మామగారినే ఉమ్ముకోమనండి.

సిటీవెస్ట్,
మే 2.

అంకుల్,

మీరు ఈ కవరు విప్పకుండా పారేస్తారేమోనని పైనే పెద్ద అక్షరాలతో క్షమించండి అని రాశాను. ‘ఎవరినో కలిసి ఉంటాడు’ అన్న మాట ఒకరి తల్లి గురించి అని రాసేటప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది.

మీ ఉత్తరం మామగారికి పూర్తిగా చదివి వినిపించాను, తా.క.తో సహా. “ఆవిడ పేరు మళ్ళీ చెప్పు,” అన్నారు. రాహేలు అన్నాను. రాసుకున్నారు. మర్నాడే మూడు బస్సులు మారి మిషను పాత కాగితాలు దాచినచోటికి వెళ్ళారు. పదకొండు రోజులు వెళ్ళారు. ఎవరు రాశారో తేలని ఉత్తరాల కట్టలో పెదతోపు నుంచి వచ్చింది ఒకటి దొరికింది.

దాని నకలు, మథియాస్ ఇంగ్లీషులోకి మార్చింది, రెండూ పెట్టాను. అందులో ఏముందో నేను రాయను. ముందు మీరు, నిఖిల కలిసి చదవండి.

నిఖిల అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. ఓరుగంటి వదిలేసినప్పుడు నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఎవరూ అడగనూ లేదు. ఫారంలో ఒక గడి ఖాళీగా ఉంది, నింపేశాను. అమ్మతో ఫోన్‌లో మాటల మధ్య చెబితే, “అలాగా,” అని, కూరేం వండావని అడిగింది. ఆ ‘అలాగా’ ఇప్పుడు వినపడుతోంది.

మీ,
సుధేష్ణ.

తా.క.: ఉత్తరం దొరికిన రోజున మామగారు గొట్టాలన్నీ చెత్తబుట్టలో వేసి, మీరు చెప్పినట్టు ఉమ్మడానికి ఇప్పుడు ఏమీ మిగల్లేదని చెప్పమన్నారు.

కాజిల్‌బార్,
మే 20.

చిరంజీవి సుధేష్ణకి,

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇద్దరం వంటింట్లో కూర్చుని చదివాం. నిఖిల పైకి చదివింది, నేను విన్నాను. నువ్వూ చదివే ఉంటావు గానీ, నా చేత్తో ఒకసారి రాయాలని ఉంది.

ఆ దొర 1908లో తన అన్నకి రాశాడు. వానలు, జ్వరాలు, బియ్యంలో పురుగులు, అన్నీ రాశాడు. తర్వాత ఇది. ‘ఈ వారం ఒక పడవ మనిషికి బాప్తిస్మం ఇచ్చాను. ఇక్కడి వాళ్ళకి ఇంటిపేరు ముందు వస్తుంది, ఇల్లు ఉన్న చోటును బట్టి వస్తుంది. నీది ఏమిటని అడిగితే చెప్పాడు. నాకు వినపడింది మన పొరుగింటి కాల్వర్‌హోఫ్. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే వినపడింది. అది కాదని నాకు తెలుసు. అయినా రిజిస్టర్‌లో అలాగే రాశాను. వాళ్ళ దొడ్డిగోడ దూకి మనం ఆపిల్ కాయలు కోసుకునేవాళ్ళం, గుర్తుందా? ఏడాదిగా ఆ పేరు ఎవరి నోటా వినలేదు. దేవుడు నన్ను క్షమించుగాక, ఆ మనిషిని అడగలేదు.’

నిఖిల ఆ చివరి వాక్యం మళ్ళీ చదివింది. నేను గూడూరులో ఉన్న మా భానుమతి అత్తకి ఫోన్ చేశాను. ఆవిడకి ఎనభై ఆరు. “అత్తా, కాల్వర్‌హోఫ్ కాకముందు మనల్ని ఏమనేవాళ్ళు?” అని అడిగాను.

“ఏవుందిరా, కాలువరేవోళ్ళు అనేవోళ్ళు,” అంది. “బకింగ్‌హామ్ కాలవ మీద పడవలు ఆగే రేవు కాడ మన గుడిసె. ముసిలోళ్ళంతా అట్నే పిలిచేవోళ్ళు. నువ్వెప్పుడూ అడగలేదే.”

మరి మోజెస్ తాత వంటవాడు కాదా అన్నాను. “వంటా? నీళ్ళు కాచడం గూడా రాదు ఆయనకి,” అంది. వంటవాడి కథ ఎవరు కట్టారో తెలియదు. తెల్లవాడి పేరు మనకెందుకుందో పిల్లలకి చెప్పాల్సి వచ్చి, తోచింది చెప్పినట్టున్నారు. మా నాన్న నాకు చెప్పాడు. నేను నిఖిలకి చెప్పాను.

కాబట్టి మనం చుట్టాలం కాము. మీ మామగారికీ మాకూ నడుమ రక్తమూ లేదు, దొరా లేడు. ఇల్లు గుర్తొచ్చి ఒకాయన తప్పు రాశాడు, అంతే.

ఇంట్లో గొడవ తీరిందనుకుంటున్నావేమో, తిరగబడింది. ఇన్నాళ్ళూ పేరు ఉంచమని పోట్లాడిన నేను, కాలువరేవు ఏసుదాసు అవుతానంటున్నాను. రాహేలు ఆ పేరు మీద బతికింది, నాకది చాలు. వదిలేస్తానన్న నిఖిల ఇప్పుడు కాల్వర్‌హోఫ్ తనకే కావాలంటోంది. ఎందుకమ్మా అంటే, “ఆయన తప్పు చేశాడు, తెలిసే చేశాడు, సారీ కూడా రాశాడు. బట్ హీ వాజ్ లోన్లీ, డాడ్. ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే చెప్పడానికి కథ ఉంది,” అంది. ఆగస్టులో మీ మామగారి ఊరు చూసివస్తానని ఆయనకి రాసింది కూడా. నేను కాదనలేదు. తనకి పద్దెనిమిదేళ్ళు. మనిషిని అడగకుండా పేరు తేల్చే పని మా ఇంట్లో ఒకసారి జరిగింది, చాలు.

నిఖిల పక్కన పెట్టేసిన ఫారం తీసి నా పేరు రాశాను. సాక్షి సంతకం ఒకటి కావాలి. బంధువు కాని మనిషైతే మంచిదని సొలిసిటర్ అన్నాడు. కాజిల్‌బార్‌లో తెలిసినవాళ్ళంతా చర్చి వాళ్ళే, ఏదో ఒక వరస పెట్టి పిలుచుకునేవాళ్ళే. ఐర్లండ్ మొత్తం మీద నాకు ఏమీ కానని రుజువున్న మనిషివి నువ్వొక్కదానివే. వచ్చే శనివారం రాగలవా? మీ ఆయన్నీ తీసుకురా, ఉప్పుచేప పులుసు పెడతాను.

నీకు ఏమీ కాని,
కాలువరేవు ఏసుదాసు.

తా.క.: నకలు చివర ఆ దొర సంతకం ఉంది. నేనూ నిఖిలా భూతద్దం పెట్టి చూశాం. పొరుగింటివాళ్ళ పేరు అక్షరం అక్షరం విడదీసి గుండ్రంగా రాసినవాడు, సొంత పేరు మాత్రం ఒక్క గీతలో గీసేశాడు. చదవడం మా వల్ల కాలేదు. మీ మామగారి వల్ల అవుతుందేమో అడుగు. ఆ దొర పేరేమిటో మాకు తెలుసుకోవాలని ఉంది.