వంకర బోదెలు

కాసమాన్స్, ఫ్రెంచి సెనెగల్, 1943 వానాకాలం

అంబోనా అన్నయ్యకు,

ఇది అక్కడి పాదిరి చేత చదివించుకో. పొలం తవ్వేవాళ్లు లేరని, సరిహద్దు దాటి తిరిగొస్తానని, దొరలు పట్టుకుంటే సైన్యంలోకైనా పోతానని కబురు పంపావు. రావద్దు. మగవాళ్లే పట్టే పొడుగు చెక్కపారను అమ్మ పట్టింది. ఆమె వెనకే ఊరి ఆడవాళ్లంతా పొలంలో దిగారు.

నిన్న ఫ్రెంచి దొర సైన్యానికి మగవాళ్లను పట్టుకుపోవడానికి వచ్చాడు. "కొత్తగా తవ్విన పొలం! మగవాళ్లను ఎక్కడ దాచారు?" అని గద్దించాడు.

అమ్మ నవ్వింది. "బోదెలు చూడవయ్యా, పాము పాకినట్టున్నాయి. ఇలా తవ్వే మగాడికి పిల్లనెవరిస్తారు?"

బడిలో నేర్చిన ఫ్రెంచిలో ఆ మాటలు ఒక్కటీ తగ్గించకుండా చెప్పాను. ఆయన వెంట వచ్చిన మన జాతి జవాను పకపకా నవ్వి, "నిజం దొరా, ఇవి ఆడవాళ్లు తవ్వినవే" అన్నాడు. వాళ్లు వట్టి చేతులతో వెళ్లారు.

అమ్మ అరచేతుల నిండా బొబ్బలే. అందరికీ చూపించుకుంటోంది. యుద్ధం ముగిశాక రా. వచ్చాక ఒక్క బోదెను మాత్రం అలాగే వంకరగా ఉంచు.

నీ చెల్లెలు