చెప్పులు విప్పి ఎక్కే పడవ

విజయవాడ, జనవరి 18

నానమ్మా, దండాలు. ఇవాళ పొద్దున్నే ఒక వింత! మే నెలలో మనం గ్రీసులో అద్దెకు తీసుకోబోయే తెరచాప పడవ కెప్టెన్ ఎలెనీ గారు వీడియోలో మాట్లాడారు. "చెప్పుల కాళ్ళతో తిరిగే చోట నేను ముద్ద ముట్టను, మీరే వెళ్ళిరండి" అన్నావు కదా! ఆ సంగతి నేను అడిగేలోపే, గోపీనాథ్ బాబాయి మనందరికీ కొన్న కొత్త బూట్లు గర్వంగా చూపించాడు. ఆవిడ పకపకా నవ్వి, "మా పడవలోకి చెప్పులు రానివ్వం, ఒడ్డునే బుట్టలో విప్పేయాలి" అన్నారు. బాబాయి నా వైపు తిరిగి, "మీ నానమ్మ గానీ ఫోన్ చేసి చెప్పిందా ఏంటే!" అన్నాడు.

పడవలో వంటాయన అన్నం, పప్పు వండుతాడట. నీ ఆవకాయ జాడీకి చోటుందట. తెరచాప! ఎంత బాగుందో ఆ మాట, పొద్దుట్నుంచీ అదే అనుకుంటున్నాను. అది ఎలాంటి నేతో నువ్వు చేత్తో పట్టుకుని చెబితేనే నాకు తెలిసేది.

మగ్గం గుంటలో నీళ్ళు ఊరడం తగ్గిందా? మోకాళ్ళ మందు మానకు. పాస్‌పోర్టు ఫొటోకి నువ్వు నేసుకున్న నేరేడు రంగు చీరే కట్టుకో. తాతయ్యకి నా నమస్కారాలు.

నీ జవాబు కోసం ఆగను. రేపు పొద్దున్నే ఎలెనీ గారికి నీ పేరు పంపేస్తున్నాను.

నీ శాంభవి