చెయ్యి ఎత్తిన తరువాత

హెర్న్‌డన్, అమెరికా, 14-10-1984

చి. అబ్రహాముకు, ఇక్కడ నీ చెల్లెలు మణి ఇంట్లో అందరం క్షేమం.

మణి చేరదీసిన గొర్రెల కాపరి కుక్కకు క్రమశిక్షణ నేర్పుతానని నేనే పూనుకున్నాను. ఆదివారం ప్రార్థనకు వచ్చిన పిల్లలను అది గొర్రెలనుకుని, మడమలు పట్టి ఒక మూలకు తోలింది. నేను అప్పడాల కర్ర ఎత్తాను. అది నేలకు కరుచుకుని వణికిపోయింది.

"పాత ఓనర్ కొట్టేవాడమ్మా! ఆ భయం పోగొట్టడానికే నాకు ఆరు నెలలు పట్టింది," అని మణి ఏడ్చింది.

ఇప్పుడు రోజూ గోధుమపిండి, గుడ్డు, క్యారెట్ కలిపి దానికి బిస్కెట్లు కాలుస్తున్నాను. అందరి చేతిలోనూ తింటుంది. నేను మాత్రం నేల మీద పెట్టి, గది దాటి వెళ్ళాలి.

వంటింటి పెంకులు మార్పించావా? పోయిన కార్డులో, ఎక్కాలు రాకపోతే ప్రమీలకు రెండు తగిలించమన్నాను. వద్దు. ఈ కార్డు అందేలోపే కొట్టి ఉంటే, తప్పు నానమ్మదని దానికి చెప్పు.

ప్రభువు కాపుదల మీ ముగ్గురి మీద ఉండాలని ప్రార్థిస్తూ,
అమ్మ