మళ్లీ తొంభైయెనిమిదే ఎక్కించా, బావా

బావా,

నీ కంప్యూటర్లో మన కారు రేసు మళ్లీ ఆడుతోంది! నువ్వు పోయాక, నీ మాట కాదని కొత్త విండోస్ ఎక్స్‌పీ వేశాను. "ముసలెద్దు మీద కొత్త బరువెయ్యకురా బామ్మర్దీ" అనేవాడివిగా, అలాగే అయ్యింది. కారు బురదలో బండిలా కదిలింది. ఇవాళ అది పీకేసి విండోస్ తొంభైయెనిమిదే ఎక్కించాను. దాని సీడీ ఎక్కడ దొరికిందనుకున్నావ్? దసరా పూజలో అక్క దానికీ పసుపు రాసి, దేవుడి గూట్లో పెట్టేసింది! తుడిచి పెడితే కంప్యూటర్ చదివేసింది బావా!

ఇంజన్ మోత వినగానే వంటింట్లోంచి అక్క కేకేసింది: "ఇద్దరూ ఆట ఆపి అన్నానికి రండి!"

ఆ వెంటనే గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నువ్వెప్పుడూ అనేదే నేనూ గట్టిగా అరిచాను: "వస్తున్నాం, ఇంకొక్క రౌండు!"