నాయుడుపేట దగ్గర ఆగలేదు

12 సెప్టెంబర్ 2025, శుక్రవారం

అయినవాళ్ళ ఊరి పక్కనుంచి వెళ్తూ ఆగకుండా పోవడం అబద్ధం కిందికి వస్తుందా?

మూడేళ్ళుగా ఈ ప్రశ్నను కారులో వేసుకుని తిరుగుతున్నాను. నోటితో ఏమీ అనలేదు కదా, అబద్ధం ఎలా అవుతుంది అని ఒక నెల అనిపిస్తుంది. ఇంకో నెల అలా అనిపించదు.

రేపు రెండో శనివారం. మా ఆయన నరేంద్రకి బ్యాంకు సెలవు, నాకు కాలేజీ లేదు. ఐదింటికి చెన్నైలో బయల్దేరితే తొమ్మిదిన్నరకి మైపాడు బీచ్. మా డిపార్ట్‌మెంట్ షారన్, వాళ్ళాయన ఆండ్రూ కూడా మా కారులోనే వస్తారు. డిక్కీలో చాపలు, ఫ్లాస్కు, పులిహోర. కారు పైన క్యారియర్‌కి కట్టిన పసుపు రంగు బీచ్ గొడుగు. నెలకి ఒక్క రోజు. ఈ ఒక్క రోజు కోసమే మిగతా రోజులన్నీ ఆ స్టాటిస్టిక్స్ పేపర్లు దిద్దుతున్నానేమో.

దారిలో నాయుడుపేట. అది దాటీ దాటగానే మా అక్క మాలకొండమ్మ వాళ్ళ ఊరు. వాళ్ళ చేను హైవేకి ఆనుకునే ఉంటుంది.

మొదటిసారి, 2022 జూన్‌లో, చెప్పే వెళ్ళాం. కాఫీ తాగి వెళ్ళిపోతాం అక్కా అన్నాను. ముందు కాళ్ళు కడుక్కోండి అనింది. వెంకయ్య బావ అప్పటికే కోడిని పట్టడానికి దొడ్లోకి పోయాడు. ఏడున్నరకి వెళ్ళినవాళ్ళం రెండు దాటాక బయటపడ్డాం. డిక్కీ నిండా మునక్కాయలు, ఒక బియ్యం మూట. నాకు జాకెట్టు గుడ్డ, ఆ రోజే మొదటిసారి చూసిన షారన్‌కీ జాకెట్టు గుడ్డ. కారు మీది గొడుగు చూసి, ఏందిమే అది, సముద్రానికి ఎండ తగలకుండానా, అని అక్క పడీపడీ నవ్వింది. మేం బీచ్ చేరేసరికి నాలుగున్నర. గంట కూడా ఉండకుండా వెనక్కి తిరిగాం.

తర్వాతి నెల నేనే అన్నాను, ఈసారికి అక్కకి చెప్పొద్దులే అని. ఆ ఒక్కసారి మూడేళ్ళు సాగింది.

అందరూ చేసేదే అంటుంది షారన్. నెల్లూరులో వాళ్ళ మేనత్త రెబెక్కమ్మ ఉంది. ఆవిడ అన్నంతో వదలదట, ప్రార్థన కూడా చేసి పంపుతుందట, చుట్టాలందరూ అయి మన పేరు వచ్చేసరికే అరగంట అవుతుందట. నెల్లూరు దాటేదాకా షారన్ కూడా సీట్లో కిందికి జారి కూర్చుంటుంది. నవ్వుకుంటాం.

ఒకసారి బీచ్‌లో ఉండగా అక్క ఫోన్ చేసింది. వెనక ఏందే ఆ హోరు అని అడిగింది. మిక్సీ అక్కా, చట్నీ చేస్తున్నా అన్నాను. మీ మిక్సీ భలే మోగతా ఉండాదే అనింది.

అది మాత్రం అబద్ధమే. దాంట్లో నాకు సందేహం లేదు.

13 సెప్టెంబర్, శనివారం. ఉదయం 7.10

నాయుడుపేట దాటాం. ఎప్పటిలాగే చేను ఉన్న వైపు చూడలేదు.

13 సెప్టెంబర్. సాయంత్రం 5.40, కారులో, సూళ్ళూరుపేట దగ్గర

అక్షరాలు వంకర పోతున్నాయి. రోడ్డు బాగానే ఉంది.

రెండూ నలభైకి నీళ్ళలోంచి వచ్చి ఫోన్ చూసుకున్నాను. బావవి మూడు మిస్డ్ కాల్స్. పులిహోర తింటున్న షారన్‌ని కాస్త ఆగమని చెయ్యి చూపించి, పక్కకి వెళ్ళి ఫోన్ చేశాను. పొద్దున చేలో ఉండగా అక్క ఎడమ కంటికి నల్లటి తెర దిగినట్టు అయిందట. సగం చూపు పోయిందట. బావ నెల్లూరులో కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. లోపలి పొర ఊడిందమ్మా, ఈ సాయంత్రమే ఆపరేషన్ చేస్తే మంచిదంట, రేపు ఆదివారం పెద్ద డాక్టరు ఉండడంట, అన్నాడు. మీ అక్కేమో ఒప్పుకోవడంలా, భాను రావాల, దానికి ఇంగ్లీషొచ్చు, అది డాక్టరుతో మాట్లాడినాకే అంటా ఉండాది. ఎప్పటికి రాగలవు?

నేను నిలబడిన చోటి నుంచి ఆ ఆసుపత్రికి పాతిక కిలోమీటర్లు. ఇందుకూరుపేట మీదుగా ముప్పావు గంట.

రేపు పొద్దున్నే వచ్చేస్తాం బావా అన్నాను.

ముప్పావు గంటలో తడి జుట్టుతో, కాళ్ళకి ఇసుకతో వెళ్ళి ఆ వార్డులో నిలబడితే ఎక్కడినుంచి వచ్చావని అడుగుతారు. అంతే. దానికి మించిన కారణం ఏదైనా ఉందేమోనని నూట ఇరవై కిలోమీటర్లుగా వెతుకుతున్నాను. లేదు.

నరేంద్ర తువ్వాలు కూడా తీసుకోకుండా కారు తాళాలు తీశాడు. ఇప్పుడే పోదాం, నెల్లూరులో ఎవరిదో పెళ్ళికి వచ్చామని చెబుదాం అన్నాడు. షారన్, మేం బస్సెక్కి వెళ్ళిపోతాం, మీరు పొండి అంది. ఆండ్రూ అప్పటికే గొడుగు మడుస్తున్నాడు. అందరికీ తెలుసు ఏం చెయ్యాలో. రేపు అని చెప్పాను కదా, ఇప్పుడు మార్చితే ఇంకా బాగోదు, ఒక్క రోజులో ఏం కాదులే అన్నాను. క్లాసులో చెప్పే గొంతుతో అన్నాను. ఆ గొంతుకి ఎవరూ ఎదురు చెప్పరు.

నెల్లూరు ఊళ్ళోకి తిరిగే చోట నరేంద్ర కారు స్లో చేసి నా వైపు చూశాడు. నేను ఫోన్‌లో ఏదో చదువుతున్నట్టు కూర్చున్నాను. వెనక హారన్లు మోగాయి. నేరుగా పోనిచ్చాడు.

చెన్నైకి వెళ్తున్నాం. రేపు చెన్నై నుంచి రావడానికి.

14 సెప్టెంబర్, ఆదివారం

నాలుగింటికి లేచాం. కారు మీది గొడుగు కట్లు విప్పి బాల్కనీలో పెట్టమన్నాను. నరేంద్ర నా మొహం చూడకుండా విప్పాడు.

నెల్లూరు ఆసుపత్రిలో అక్క మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. అంత దూరం నుంచి పడి వచ్చినారు, ముందేమన్నా తినండి అనింది. నా చెయ్యి పట్టుకుని మోచేతి దాకా తడిమింది. నిన్నటి ఎండకి చర్మం కమిలి ఉంది. ఇడ్లీ ప్లేటు నా వైపు జరిపింది.

డ్యూటీ డాక్టర్ చిన్నమ్మాయి. ఇంగ్లీషులో మాట్లాడాను, అక్క వినేలా, కాస్త గట్టిగానే. ఆ అమ్మాయి ప్రతిదానికీ తెలుగులోనే జవాబు చెప్పింది. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. బావ నిన్న నాకు ఫోన్‌లో చెప్పిన దానికన్నా అందులో కొత్తది ఒక్క ముక్క లేదు.

నా ఎంఎస్సీ సీటు కోసం తిరుపతి వెళ్ళినప్పుడు అక్కే తోడు వచ్చింది. నాకన్నా పదకొండేళ్ళు పెద్ద. క్యూలో నిలబడి నేను ఫారం నింపుతుంటే, ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ, మా చెల్లెలికి ఇంగ్లీషొచ్చు అని చెప్పింది. అక్కడున్న అందరికీ ఇంగ్లీషు వచ్చు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. గమ్మునుండక్కా అని కసిరాను.

15 సెప్టెంబర్, సోమవారం

ఆపరేషన్ అయింది.

23 సెప్టెంబర్, మంగళవారం

సెలవు పెట్టి చెకప్‌కి వెళ్ళాను. ఎడమ కంటికి వెలుగూ నీడా తెలుస్తున్నాయి, అంతే. అంతకన్నా రాకపోవచ్చట. కుడి కన్ను ముందు నుంచే మసక.

అక్కా బావా మందుల కౌంటర్ దగ్గర ఉండగా నేను మళ్ళీ లోపలికి వెళ్ళి పెద్ద డాక్టరుని అడిగాను. ఆ శనివారం సాయంత్రమే చేసి ఉంటే? ఆయన పెన్ను కింద పెట్టాడు. చూపుకి ముఖ్యమైన మధ్య భాగం ఆమె ఇక్కడికి వచ్చేసరికే ఊడిపోయిందో, ఆ రెండు రోజుల్లో ఊడిందో చెప్పలేం అన్నాడు. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకున్నాను. చెప్పలేమమ్మా అని ఇంకోసారి అన్నాడు, మర్యాదగా.

ఇన్నేళ్ళుగా పిల్లలకి ప్రాబబిలిటీ చెబుతున్నాను. ఈ మాటకి మార్కులు వెయ్యడం చేతకాలేదు.

11 అక్టోబర్, రెండో శనివారం

మైపాడు లేదు. నేనూ నరేంద్రా నేరుగా అక్క ఇంటికి వెళ్ళాం. తడ ఊరు దాటినప్పటి నుంచి మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. అక్క వాకిట్లో పీట మీద కూర్చుని వేళ్ళతో తడుముతూ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని నాలుగు కాయలు తీసుకున్నాను. అక్కా, ఆ శనివారం మేం ఇటువైపే వచ్చాం, అన్నాను.

తెలుసులేమే అనింది. గొడుగు చూసినా. గెనిమ మింద నిలబడుంటే పసుప్పచ్చంగా పోయింది.

ప్రతి నెలా ఆ చేని గట్టు మీద నుంచే చూసిందట. ఏడింటికి పోయేటప్పుడు ఒకసారి, చేలో ఉంటే సాయంత్రం వచ్చేటప్పుడు ఇంకోసారి. నాట్లేసే ఆడవాళ్ళు కూడా నడుములు ఎత్తి చూసి, మాలకొండక్కా, అదో నీ చెల్లెలి గొడుగు పోతా ఉండాది, మీ ఇంటికి దోవ మర్చిపోయినట్టుండాది, అని ఎగతాళి చేసేవాళ్ళట. పోనీండి, సల్లంగా తిరిగి రానీండి అనేదట. ఇదంతా నవ్వుతూనే చెప్పింది. గురవమ్మ అనే ఆవిడ ఎలా అనేదో ఆ గొంతు కూడా పెట్టి చూపించింది.

తర్వాత చేతిలో కాయ గిన్నెలో వేసి అనింది. ఇప్పుడింక నా కంటికి ఆ గొడుగు ఆనదులే. మీరు నిమ్మళంగా పోవచ్చు.

బావ గట్టిగా నవ్వాడు. నరేంద్ర నవ్వబోయి ఆగిపోయాడు.

కోడికూర వండింది. రెండోసారి కూడా వేసింది. తిన్నాను.

12 అక్టోబర్, ఆదివారం

అయితే ఆ రోజు కూడా చూసింది. ఏడింటికి గొడుగు చూసింది, ఆ తర్వాతే కంటికి తెర దిగింది. నేను ఫోన్ చేసినప్పుడు బావ స్పీకర్ పెట్టాడు, బావ ఎప్పుడూ స్పీకరే పెడతాడు. రేపు పొద్దున్నే వచ్చేస్తాం అన్న నా మాట అక్క విన్నది. వెనక ఉన్న హోరు కూడా విన్నది. అది ఈడే ఉండాది, రమ్మను, అని ఒక్క మాట అంటే ముప్పావు గంటలో నేను అక్కడ ఉండేదాన్ని.

అనలేదు. బావకీ చెప్పలేదు. రేపు వస్తాది, అప్పుడే చేపించుకుంటా అని డాక్టరుకి చెప్పింది.

బావ ముందు నా మర్యాద కాపాడిందా? లేక ఎంత దూరం పోతానో చూద్దామనుకుందా? కన్ను పణంగా పెట్టి చూస్తారా ఎవరైనా?

16 అక్టోబర్, గురువారం

లంచ్‌లో షారన్‌కి చెప్పాను. అది ప్రేమే, పల్లెటూళ్ళ వాళ్ళు మనలా లెక్కలు వేసుకోరు అంది. షారన్ ఏ పల్లెటూళ్ళోనూ ఒక్క రాత్రి కూడా ఉండలేదు.

ఇంటికి వెళ్ళి రెబెక్కమ్మత్తకి ఫోన్ చేసిందట. డిసెంబర్‌లో వస్తున్నాం అని చెప్పిందట.

8 నవంబర్, రెండో శనివారం

అక్కని మైపాడు తీసుకెళ్ళాం. సముద్రానికి ఇంత దగ్గరలో పుట్టి పెరిగి, చిన్నప్పుడు ఎప్పుడో ఒక్కసారి చూసిందట. గొడుగు వద్దని నేను ఇంట్లోనే వదిలేయబోతే, ఫోన్‌లోనే కనిపెట్టి, గొడుగు లేకుంటే నేను ఎక్కను అనింది. ముందు సీట్లో కూర్చుంది. నాయుడుపేట దగ్గర్నుంచి నెల్లూరు దాకా ఏ ఊరు వచ్చిందో నరేంద్రని అడుగుతూనే ఉంది.

గొడుగు కింద చాప వేసి కూర్చోబెట్టాం. నల్ల కళ్ళద్దాలు, వంగపండు రంగు చీర. చెప్పులు వదిలి పాదాలు ఇసకలో పెట్టుకుంది. నీళ్ళ వైపు చూడలేదు, చెవి అటు తిప్పి విన్నది. చాలాసేపు విన్నది.

ఇదేనా మీ మిక్సీ, అనింది.

నరేంద్ర లేచి నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. నేను అడిగేశాను. ఆ రోజు నేను ఇక్కడే ఉన్నానని తెలుసు కదా, బావతో ఎందుకు అనలేదక్కా?

తల తిప్పలేదు. రేపొస్తానన్నావు గదా అనింది. వచ్చినావు గదా.

కాసేపటికి, ఎవురో చేపలు వేయిస్తా ఉండారు, ఒకటి తెప్పీమే అనింది. నేను ముల్లు తీసి పెడుతుంటే, నాకు చేతులు బాగానే ఉండాయి అని లాక్కుని తనే తీసుకుంది. ఒక్క ముల్లు మిగల్చలేదు.

తిరుగు ప్రయాణంలో నిద్రపోయింది. వాళ్ళ ఊరు దగ్గర పడ్డాక లేపుదామనుకున్నాను. తనే లేచింది, మలుపు వచ్చిందే, స్లో చెయ్యమను, అనింది.

13 డిసెంబర్, రెండో శనివారం. ఉదయం 7.20, హైవే పక్కన

మైపాడుకే బయల్దేరాం. వస్తున్నట్టు అక్కకి చెప్పలేదు. ఆగకుండా పోనివ్వమని నరేంద్రకీ చెప్పలేదు. ఆండ్రూ, షారన్ వెనక సీట్లో నిద్రపోతున్నారు. చేను రాగానే నరేంద్రే కారు పక్కకి తీశాడు.

అక్క గెనిమ మీద ఉంది. చేతికర్ర, మొహం రోడ్డు వైపు. నరేంద్ర హారన్ కొట్టాడు. అక్క చెయ్యి ఎత్తింది.

మా వెనకే ఇసుక లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. దానికీ చెయ్యి ఎత్తింది.

ఆ రోజు అక్క నన్ను కాపాడిందో, శిక్షించిందో నాకు తెలియదు. అడిగినా తెలియలేదు. ఇప్పుడు దిగాలో వద్దో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

నరేంద్ర ఇంజన్ ఆపలేదు.