ఇరవై పాయింట్ తొమ్మిది

జూలై 3, 2023, సోమవారం

మా చర్చి ఫెలోషిప్ పెద్ద ఎలియాజరుగారు ఫోన్ చేశారు. ముప్పయ్యో తారీకు ఆదివారం ఆరాధనలో మెసేజ్ నేనివ్వాలట. అంశం: రోజువారీ జీవితంలో దేవుణ్ణి మహిమపరచడం. పాస్టర్లు చెబితే యూత్ వినడం లేదు బ్రదర్, మీలాగా నలుగురిలో ఉద్యోగం చేసేవాళ్లు చెబితే తలకెక్కుతుంది అన్నారు. ఒప్పుకున్నాను. సంతోషంగానే ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం బ్రేక్‌లో మూడు పాయింట్లు రాసుకున్నాను. భోజనం ముందు ప్రార్థన. నోట చెడ్డమాట రాకపోవడం. పక్కవాడికి సాక్ష్యం చెప్పడం.

తర్వాత సైట్‌కి వెళ్లి రెండు పర్మిట్ల మీద సంతకం పెట్టాను.

జూలై 6, గురువారం

ఎవరూ చదవరు గనక ఇక్కడ రాస్తాను.

నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. మా కంపెనీ ఇక్కడ దుబాయ్, షార్జాల్లో లేబర్ క్యాంపుల్లో, ఫ్యాక్టరీల్లో మురుగునీటి సంపులు శుభ్రం చేస్తుంది. మనిషి దిగే ముందు గ్యాస్ మీటర్‌ని తాడు కట్టి లోపలికి దింపి, ఆక్సిజన్ ఎంతుందో, విషవాయువు ఎంతుందో చూసి, ఆ అంకెలు పర్మిట్ మీద రాసి సంతకం పెట్టడం నా పని. ఆ సంతకం పడ్డాకే మనిషి దిగుతాడు. మంచి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. విషవాయువు సున్నా ఉండాలి.

జూన్ 14న మీటర్ పాడైంది. ఆన్ అవుతుంది గానీ ఎక్కడ పెట్టినా ఒకటే అంకె. మేనేజర్ వెంకటరాజుగారికి మెయిల్ పెట్టాను. భీమవరం వైపు మనిషి, మర్యాదస్తుడు. ఆర్డర్ పెట్టామండీ, వచ్చేదాకా కాస్త మేనేజ్ చేసెయ్యండి ప్రకాశ్‌గారూ, బ్లోయర్ పెట్టి గాలి కొడతానే ఉన్నాం కదా అన్నారు.

మేనేజ్ చేస్తున్నాను. 20.9. సున్నా. 20.9. సున్నా.

నా పాస్‌పోర్టు వీసా రెన్యువల్ కోసమని ఆయన డ్రాయర్లో ఉంది. నా భార్య సువార్తా, మా అమ్మాయి షారోనూ ఇద్దరూ నా వీసా మీదే ఉన్నారు.

జూలై 9, ఆదివారం

ఆరాధనలో నేనే పాటలు నడిపించాను. గొంతు బాగా పలికింది. మీటింగ్ అయ్యాక ఒక సిస్టర్ వచ్చి మీరు పాడుతుంటే కళ్లనీళ్లు ఆగలేదన్నయ్యా అన్నారు. దేవునికే మహిమ అన్నాను. అలవాటుగా వచ్చేసింది ఆ మాట.

జూలై 12, బుధవారం

ఈరోజు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీ సంపు. దిగింది భూమేశ్. మెట్‌పల్లి దగ్గర పల్లె. నలభై దాటిన మనిషి, పదకొండేళ్లుగా ఇదే పని. దిగే ముందు సంపు అంచుని తాకి కళ్లకద్దుకుంటాడు.

ఫోర్‌మన్ నూర్ మొహమ్మద్ బెల్టు బిగిస్తూ, క్యా భయ్, భయమైతుందా అని ఎగతాళి చేశాడు. భూమేశ్ నా వైపు చూపించి, సారు సంతకం పెట్టినంక నాకేం బుగులు, సారు దేవుని మనిషి అన్నాడు.

నేను నవ్వాను. నిజంగా నవ్వాను. అది రాయాలనే కూర్చున్నాను.

జూలై 13, గురువారం

మూడు పర్మిట్లు.

జూలై 17, సోమవారం

వరసగా రాస్తాను.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక క్యాంపు. ఉదయం ఎనిమిదిన్నర. పర్మిట్ రాశాను. భూమేశ్ దిగాడు. ఆరేడు నిమిషాలకి తాడు ఒక్కసారి గుంజాడు. తర్వాత కదలిక లేదు. నూర్ మొహమ్మద్ అరుస్తూ, మనిషిని పైకి లాగే ట్రైపాడ్ హ్యాండిల్ తిప్పాడు, నేనూ పట్టుకున్నాను. పైకొచ్చేసరికి భూమేశ్ తల వేలాడిపోయి ఉంది. కింద పడుకోబెట్టి మాస్క్ తీస్తే వాంతి చేసుకున్నాడు. కళ్లు తెరిచాడు. నన్ను చూసి లేవబోయాడు.

క్లినిక్‌లో గ్లూకోజ్ ఎక్కించారు. బతికాడు.

వెంకటరాజుగారు వచ్చేసరికి పన్నెండయింది. నన్ను కారులో కూర్చోబెట్టి ఏసీ పెంచారు. ఎండదెబ్బండి, నలభై ఆరు డిగ్రీలుంది, ఎవరికైనా తగుల్తుంది, రిపోర్ట్ అలా రాసేద్దాం అన్నారు. గ్యాస్ అయ్యుండొచ్చు సార్ అన్నాను. ఆయన చాలా మెల్లగా, గ్యాస్ అని రాస్తే పర్మిట్ మీద సున్నా అని రాసిందెవరని అడుగుతారు, మీకోసమే చెప్తున్నానండీ అన్నారు.

ఎండదెబ్బ అని రాశాను. సంతకం పెట్టాను.

జూలై 18, మంగళవారం

సువార్తకి చెప్పాను. షారోన్ స్కూలు సెలవుల హోంవర్కు చేసుకుంటూ హాల్లో ఉంది. మేం వంటింట్లో కుక్కర్ పక్కన నిలబడి మాట్లాడుకున్నాం.

మొదట ఆమెకి కోపం వచ్చింది. ముప్పై రోజుల నుంచి ఇంట్లో తిని తిరుగుతూ నాకొక్క మాట చెప్పలేదేంటండీ అంది. తర్వాత భయం వచ్చింది. ఇప్పుడు బయటికి చెబితే మిమ్మల్ని లోపలేస్తారు, నేనూ పిల్లా ఏమైపోవాలి ఈ దేశంలో అంది. రెండూ నిజమే.

చెబితే నా సంతకమే నన్ను పట్టిస్తుంది. చెప్పకపోతే రేపు మళ్లీ సంతకం పెట్టాలి. ఉద్యోగం మానేద్దామంటే పాస్‌పోర్టు డ్రాయర్లో ఉంది. ఏ వైపు వెళ్లినా గోడే.

జూలై 19, బుధవారం

ఎలియాజరుగారి దగ్గరికి వెళ్లాను. పేర్లు చెప్పకుండా విషయం చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని పదిహేను నిమిషాలు ప్రార్థన చేశారు. తొందరపడొద్దు బ్రదర్, ప్రభువే దారి చూపిస్తాడు, మనవాళ్లు పోలీసుల దాకా వెళ్లారంటే సంఘానికి చెడ్డపేరు అన్నారు.

లిఫ్ట్ దాకా వచ్చి, మెసేజ్ రెడీ అవుతోందా అని అడిగారు.

జూలై 21, శుక్రవారం

సెలవు. ఆపిల్స్ కొనుక్కుని భూమేశ్ గదికి వెళ్లాను. ఎనిమిది మంచాలు, ఒక కిటికీ. కిటికీకి అట్టముక్క. కింది మంచం మీద కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి దుప్పటి సర్దాడు. వద్దంటున్నా ఎవరినో పంపి చాయ్ తెప్పించాడు.

తలనొప్పి తగ్గలేదట. మెట్లెక్కితే ఆయాసం. అయినా సోమవారం డ్యూటీకి వస్తాడట. రూంలో పండుకుంటె పానం మంచిగ లేనోడు మనకెందుకని ఇంటికి తోలుతరు సార్ అన్నాడు.

తర్వాత అన్న మాట ఇది. గాలి మంచిగనే ఉండె గద సార్, మీరు చూసిండ్రు గద. నా పానమే బలం లేకుండైంది. సారుకు మాటొచ్చిందని నాకే మస్తు బాధైంది.

అతను నన్ను ఓదార్చాడు. చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ప్రార్థన చేస్తానని చెప్పి వచ్చేశాను.

జూలై 22, శనివారం

మెసేజ్ కోసం రాసుకున్న కాగితం తీశాను. భోజనం ముందు ప్రార్థన, చెడ్డమాట, సాక్ష్యం. ఇవన్నీ నేను చేస్తూనే ఉన్నాను. ఒక్కటీ మానలేదు. చేస్తూనే ఒక మనిషిని విషంలోకి దింపాను.

దేవునికి మహిమ ఎక్కడ కావాలి? హాల్లో మైకు ముందా? ఆయనకి నా గొంతుతో ఏం పని? నేను రోజూ ఒక చిన్న గడిలో అంకె రాస్తాను. ఆ గడిలో నిజం రాయడం తప్ప ఆయన నన్ను ఇంకేమీ అడగలేదేమో. అదొక్కటీ నేను ఇవ్వలేదు.

కాగితం చింపేశాను.

జూలై 24, సోమవారం, మధ్యాహ్నం 1.30

ఉదయం ఏడూ నలభై. ఇంకో క్యాంపు, ఇంకో సంపు. భూమేశ్ బెల్టు వేసుకుని నిలబడ్డాడు. నూర్ మొహమ్మద్ పర్మిట్ ప్యాడ్ ఇచ్చాడు. యల్లా సాబ్, కానియ్యండి, ఎండ ఎక్కుతోంది అన్నాడు.

ఆక్సిజన్ గడిలో రాశాను: మీటర్ పనిచేయడం లేదు. రీడింగ్ తీయలేదు. ఎవరూ దిగకూడదు. కింద సంతకం పెట్టాను.

నూర్ మొహమ్మద్ ఇంగ్లీషు మెల్లగా చదువుతాడు. రెండుసార్లు చదివాడు. నా ముఖం చూశాడు. ప్యాడ్‌ని సంపు మూత మీద పెట్టి, ఖలాస్, ఆజ్ కామ్ నహీ, ఇవాళ పని బంద్ అని అందరికీ వినబడేలా అన్నాడు. పంతొమ్మిదేళ్ల సర్వీసు అతనిది. అతనికీ భార్యాపిల్లలున్నారు.

నేను భూమేశ్ దగ్గరికి వెళ్లాను. నెలన్నరగా మీటర్ లేదు, నేను చూడలేదు, ఊరికే రాశాను అని చెప్పాను.

గా రోజు గూడనా సార్ అన్నాడు.

ఆ రోజు కూడా అన్నాను.

తిట్టలేదు. కొట్టినా బాగుండేది. నా కాళ్ల వైపు చూస్తూ బెల్టు ఒక్కొక్క బకిల్ విప్పాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని బస్సెక్కి కూర్చున్నాడు. దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు.

జూలై 25, మంగళవారం

వెంకటరాజుగారు తలుపు వేశారు. అరవలేదు. ఆ పర్మిట్ చింపేసి కొత్తది రాయండి, ఇద్దరం మర్చిపోదాం అన్నారు. చెయ్యనన్నాను. అయితే ముప్పై ఒక్క పర్మిట్ల మీదా మీ సంతకమే ఉందండీ, నాది ఒక్కటీ లేదు, పోయేది మీరే అన్నారు. మేనేజ్ చెయ్యమన్నది మీరు కదా సార్ అన్నాను. కాగితం మీద చూపించండి అన్నారు. నోటిమాట. నా దగ్గర నేను పెట్టిన మెయిల్ ఒక్కటే ఉంది.

డ్రాయర్ తాళం వేసిన చప్పుడు కావాలనే వినిపించారు.

ఇంటికొచ్చి సువార్తతో చెప్పాను. చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుంది. తర్వాత ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, అన్నీ రాయండి, మీ తప్పుతోనే మొదలుపెట్టండి అంది. తారీకులు ఆమే చదివింది, నేను టైప్ చేశాను. ముప్పై ఒక్క పర్మిట్లు. ఎండదెబ్బ రిపోర్టు కూడా. క్లయింటుకీ, ప్రభుత్వ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకీ పంపాం.

సెండ్ నొక్కాక ప్రార్థన చేద్దామా అన్నాను. ఇప్పటిదాకా చేసిందేంటండీ అంది.

జూలై 28, శుక్రవారం

సస్పెన్షన్. విచారణ అయ్యేదాకా దేశం దాటకూడదని చెప్పారు. పాస్‌పోర్టు డ్రాయర్లోంచి విచారణ ఆఫీసుకి వెళ్లింది.

కొత్త మీటర్ వచ్చిందట. ఆరు వారాలుగా రానిది రెండు రోజుల్లో వచ్చింది.

జూలై 30, ఆదివారం

పొద్దున్నే ఎలియాజరుగారి ఫోన్. ఈ వారం మీరు రెస్ట్ తీసుకోండి బ్రదర్, వేరేవాళ్లు చెబుతారు అన్నారు. పాటలు కూడా వద్దా అన్నాను. కొన్నాళ్లు అన్నారు.

వెళ్లి వెనక వరసలో కూర్చున్నాం. చెప్పిన అబ్బాయి బాగానే చెప్పాడు. మూడు పాయింట్లు. నాకు కుడివైపు రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, హాలంతా నిండినా.

ఆగస్టు 5, శనివారం

నాకు మంచిగా అనిపించడం లేదు. నిజం చెబితే మనసు తేలికవుతుందని ఎన్నోసార్లు స్టేజీ మీద చెప్పాను. తేలిక కాలేదు. రోజంతా ఈ రెండు గదుల్లోనే తిరుగుతున్నాను. కింద సెక్యూరిటీ బూట్ల చప్పుడైతే గుండె ఆగుతోంది. చెప్పకుండా ఉండాల్సిందని ఇవాళ రెండుసార్లు అనుకున్నాను. అది కూడా రాస్తున్నాను.

షారోన్ వచ్చి, నాన్నా నువ్వు తప్పు చేశావా అని అడిగింది. చేశానన్నాను. చెప్పేశావా అంది. చెప్పానన్నాను. సరేనని కార్టూన్ పెట్టుకుంది.

ఆగస్టు 9, బుధవారం, ఉదయం 10.15

నూర్ మొహమ్మద్ ఫోన్. సైట్ నుంచే. వెనకాల జనరేటర్ మోత, ఏవో అరుపులు. ముందు సరిగ్గా అర్థం కాలేదు.

కొత్త మీటర్ సంపులోకి దింపితే సగంలోనే అలారం మోగిందట. ఆపితే మళ్లీ మోగిందట. పాత పద్ధతిలో అయితే ఈపాటికి మనిషి అడుగున ఉండేవాడు సాబ్ అన్నాడు. దిగడానికి బెల్టు కట్టుకుని నిలబడింది ఎవరని అడిగాను.

భూమేశ్.

ఏం చేశాడని అడిగాను. పక్కకొచ్చి కూసున్నడు, నీళ్లు తాగిండు అన్నాడు.

ఫోన్ పెట్టేశాక బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. సువార్త తలుపు కొట్టలేదు.

ఆగస్టు 17, గురువారం, ఉదయం 9.10

విచారణ ఆఫీసు కారిడార్‌లో రాస్తున్నాను. ఒకటే బెంచీ. సాక్షిగా పిలిచారట, భూమేశ్ ముందే వచ్చి కూర్చున్నాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అతను చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత పక్కన బెంచీ మీదున్న తన కవర్ తీసి ఒళ్లో పెట్టుకుని కొంచెం జరిగాడు.

కూర్చున్నాను. ఇంకా పిలవలేదు.